వాడిన ఇంటి సామాను ఊరికే పంచిపెట్టాలంటే: ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి, ముందు ఎవరికి?

కొత్తకాపురం (ప్రశ్న):

వాడిన సామాన్లు సేకరించి, అవసరమైన కుటుంబాలకు పైసా తీసుకోకుండా ఇచ్చే పని మొదలుపెడుతున్నాం. ఆశ్రయ గృహాల నుంచి బయటికొచ్చి గది అద్దెకు తీసుకున్నవాళ్లు, అగ్నిప్రమాదంలోనో వరదలోనో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, కొట్టుడు భరించలేక కట్టుబట్టలతో ఇల్లు విడిచినవాళ్లు, ప్రధానంగా వీళ్లకి. చేతిలో ఉన్నది ఒక 400 చదరపు అడుగుల గది, వారానికి ఒక పూట దొరికే చిన్న ట్రక్కు, సాయంత్రాలు వచ్చి సాయం చేసే కొద్దిమంది. డబ్బు అంతంతమాత్రం.

ఇవి తెలిసినవాళ్లు చెప్పాలి:

పరుపులు తీసుకోవచ్చా? నల్లుల భయం ఉంది.
ఫ్రిజ్, మిక్సీ, ఐరన్ బాక్స్ లాంటివి ఇచ్చేముందు ఏమేం చూడాలి?
ఒకే మంచానికి పదిమంది అడిగితే ఎవరికివ్వాలి?
పేదరికానికి రుజువు అడగాలా? నామమాత్రంగా కొంత తీసుకోవాలా?

సలహా ఎంత వివరంగా ఉంటే అంత మంచిది. పొడుగైనా చదువుతాం.

———

గోడౌన్‌తాళం:

మీ గది నిండటానికి ఎక్కువ కాలం పట్టదు. ఖాళీ చేయడానికే పడుతుంది. అందుకని అన్నింటికన్నా ముందు నేర్చుకోవలసింది "వద్దండీ" అనడం. అది గుమ్మం దగ్గర కాకుండా ఫోన్లోనే అనాలి. సామాను ట్రక్కు ఎక్కాక వద్దనడం ఎవరివల్లా కాదు.

ఇచ్చేవాళ్ల ఇళ్లల్లో మిగిలేవి వేరు, తీసుకునేవాళ్లకి కావలసినవి వేరు. మిగిలేవి మూడు సీట్ల సోఫాలు, అద్దాల టీవీ స్టాండ్లు, షోకేసు బొమ్మలు, సెట్టులో సగం పగిలిపోగా మిగిలిన కప్పులు. కావలసినవి మంచం, దుప్పట్లు, మూతలున్న గిన్నెలు, పళ్లాలు, బకెట్టు, చీపురు, బల్బు, కత్తి, తలుపుకి తాళం. "ఏమున్నా ఇవ్వండి" అని ప్రకటన వేశారంటే మొదటి జాబితా మీ ఇంటికొస్తుంది. "ఈ నెల మాకు కావలసినవి: ఒంటి మంచాలు, 2 నుంచి 5 లీటర్ల గిన్నెలు మూతలతో, ఉతికిన దుప్పట్లు. ఇవి తప్ప ఇంకేవీ తీసుకోం" అని వేస్తే రెండోది వస్తుంది. ప్రతి నెలా మార్చండి.

ఫోన్ చేసినవాళ్లని నాలుగు ఫొటోలు అడగండి: ముందు, వెనక, అడుగు, కరెంటు వస్తువైతే మోడల్ నంబరున్న ప్లేటు. అడుగు ఫొటో చాలా పని చేస్తుంది. సోఫా కింది గుడ్డ చిరిగి స్ప్రింగులు వేలాడటం, ఇనప బీరువా అడుగు తుప్పుకి తినేసిపోవడం అందులోనే బయటపడతాయి. తర్వాత అడగవలసినవి: ఎన్నో అంతస్తు, లిఫ్టులో పడుతుందా, విప్పితే విడివడుతుందా, ఇంట్లో ఎప్పుడైనా నల్లులు పట్టాయా, చివరిసారి ఎప్పుడు వాడారు. "పనిచేస్తుందండీ" అనే మాటని లెక్కలోకి తీసుకోకండి. "పోయిన వారం వాడాం" అంటే తీసుకోవచ్చు.

పార్టికల్ బోర్డు (చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) సామానుతో జాగ్రత్త. పైన చెక్క డిజైను కాగితం అంటించి ఉంటుంది కాబట్టి ఫొటోలో ఘనంగా కనిపిస్తుంది. ఒకసారి విప్పితే స్క్రూ రంధ్రాల్లో పొట్టు రాలి పట్టు పోతుంది. మళ్లీ బిగించినా నెల తిరక్కుండా ఊగుతుంది. తడి తగిలి అంచులు ఉబ్బినదైతే అసలే వద్దు. విప్పకుండా మోసుకెళ్లగలిగిన చిన్న సైజు వాటినే ఒప్పుకోండి.

మీ గదికి సోఫాలు దండగ. మూడు సీట్లది దాదాపు 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల లోతు ఆక్రమిస్తుంది, దాని మీద ఏమీ పెట్టలేం. ఆ జాగాలో ర్యాకు వేసుకుంటే పది ఇళ్లకి సరిపోయే వంటింటి పెట్టెలు పడతాయి. సోఫా కావలసిన కుటుంబం ఉంటే గదికి తేకుండా ఇచ్చేవాళ్లింటి నుంచి నేరుగా వాళ్లింటికే దింపండి.

వంటింటి పెట్టె ముందే కట్టి ఉంచుకుంటే రాత్రికి రాత్రి అడిగినా ఇవ్వగలరు. నలుగురికి: మూతలతో 2, 4 లీటర్ల గిన్నెలు, ఒక పెనం, ఒక మూకుడు, గరిటెలు రెండు, కత్తి, కూరలు తరిగే పలక, జల్లి గిన్నె, పళ్లాలూ గ్లాసులూ చెంచాలూ ఐదేసి, గాలి చొరని డబ్బాలు నాలుగు, గిన్నెలు తోమే పీచు, తుడిచే గుడ్డలు రెండు. కత్తిని అట్టముక్కలో చుట్టి, బయట "కత్తి ఉంది" అని రాయండి. పెట్టె 15 కిలోలు దాటితే రెండు చేయండి, మెట్లెక్కేది మనిషే కదా. పింగాణీ పళ్లాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువంతా అడుగుదాని మీద పడి పగులుతుంది. ఒక్కోదానికీ కాగితం చుట్టి అంచు మీద నిలబెట్టి సర్దండి.

పూత లేచిన నాన్‌స్టిక్, పగుళ్లు పారిన పింగాణీ, రివెట్లు కదిలే పిడి ఉన్న గిన్నెలు వెనక్కి పంపేయండి. పిడి ఊడేది గిన్నె నిండా మరిగే నీళ్లున్నప్పుడే.

గదిలో ఏదీ నేల మీద పెట్టొద్దు. చెక్క పలకలో ఇటుకలో వేసి కనీసం 10 సెంటీమీటర్లు లేపండి, గోడకి ఆనించకండి. బట్టలు పూర్తిగా ఆరాకే కవర్లో మూతి కట్టాలి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వేయకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పసిపిల్లలకి ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, మీరిచ్చే దుప్పటి ఎవరి బిడ్డకి కప్పుతారో మీకు తెలియదు.

———

నల్లులవేట:

పరుపుల సంగతి నేను చెప్తాను. చిన్న గది, కొద్ది మనుషులు అన్నారు కాబట్టి గుడ్డ పరుపులూ దిండ్లూ వాడినవి తీసుకోకండి. వచ్చే కొద్దిపాటి డబ్బు వీటికే పెట్టి కొత్తవి కొనండి. నల్లులున్న ఒక్క పరుపు గదిలోకొస్తే మీరు దాన్ని పారేయడంతో పోదు. గదిలో ఉన్న సరుకంతా అనుమానమే, అప్పటికే ఇచ్చిన ఇళ్లన్నీ అనుమానమే.

తప్పనిసరై తీసుకుంటే, మంచాలకీ సోఫాలకీ కుర్చీలకీ కూడా పనికొస్తుంది కనుక, చూసే పద్ధతి ఇది. మంచి టార్చి, పాత ఏటీఎం కార్డు లాంటి గట్టి ముక్క, తడిపిన తెల్ల గుడ్డ దగ్గర పెట్టుకోండి. పరుపు నాలుగంచులా తాడులా కుట్టిన పైపింగ్ ఉంటుంది. దాన్ని బొటనవేలితో మడిచి, కార్డు అంచుని ఆ మడతలో పెట్టి మెల్లగా లాక్కుంటూ పోండి. మూలల దగ్గర ఆగండి, కంపెనీ లేబుల్ కింద చూడండి, గాలి రంధ్రాల చుట్టూ చూడండి. పెద్ద నల్లి 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, చదునుగా, గోధుమ ఎరుపులో. అది కనిపించకపోయినా జాడలు కనిపిస్తాయి: పెన్ను కొనతో పొడిచినట్టు నల్ల చుక్కలు గుంపుగా, విడిచిన పల్చని పొరలు, మిల్లీమీటరంత తెల్లటి గుడ్లు. నల్ల చుక్కని తడి గుడ్డతో రుద్దితే తుప్పు రంగులో పాకిందా, అది నల్లి రెట్టే. మట్టి మరక అలా పాకదు.

సోఫా అయితే తిరగేసి, అడుగున స్టేపుల్ కొట్టిన పల్చటి గుడ్డని ఒక మూల విప్పి లోపల చూడాలి. ఆ గుడ్డ ముట్టుకోకుండా చూసిన సోఫాని చూడనట్టే లెక్క. చెక్క మంచానికి స్క్రూ రంధ్రాలూ పలకల చివర్లూ చూడండి. చెక్కలో గుండుసూది తలంత రంధ్రాలుండి వాటి కింద మెత్తటి పిండి కొత్తగా రాలుతుంటే పుచ్చుపురుగు లోపల బతికే ఉంది.

మంచాల్లో ఇనప గొట్టాలవి నయం. విప్పి, గొట్టాల చివర బిరడాలు తీసి, లోపల కూడా టార్చి వేసి, సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టండి.

బట్టలు, దుప్పట్లు, కర్టెన్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి, లేదా డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద 30 నిమిషాలు తిప్పాలి. వేడి తట్టుకోని వాటిని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో 4 రోజులు ఉంచాలి. వేడి 50 డిగ్రీలు దాటి వస్తువు లోపలిదాకా చేరితే గుడ్లతో సహా చస్తాయి. ఆ "లోపలిదాకా" అన్నదే చిక్కు. ఎండలో నల్ల కవరు కప్పి పెట్టమని అందరూ చెప్తుంటారు. పలుచటి గుడ్డకి కొంత పనిచేస్తుందేమో గానీ పరుపుకి కాదు. పైపొర కాలుతుంటే నల్లులు నీడ ఉన్న అడుగుకి దిగిపోతాయి.

"నెలరోజులు తాళం వేసి ఉంచితే ఆకలికి చస్తాయి" అనేది కూడా నమ్మకండి. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి. గదిలో పొగ వదిలే డబ్బాలు సందుల్లోకి పోవు, పైగా పురుగుని పక్క సామాన్లోకి తరుముతాయి. మందు కొట్టిన పరుపు మీద పసిపిల్లల్ని పడుకోబెట్టడం ఇంకా అన్యాయం.

గదిలో గుమ్మం పక్కనే కొంత జాగా తెల్లటి పెయింటు గీతతో విడిగా పెట్టండి. కొత్తగా వచ్చింది చూసి, చీటీ అంటించేదాకా ఆ గీత దాటకూడదు. ఈ ఒక్క నియమానికి ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి, తెచ్చింది మీ బావగారైనా సరే.

———

ఎర్త్‌పిన్:

కరెంటు సామాను: కళ్లతో, మీటర్‌తో, నడిపి. ఈ వరస తప్పొద్దు. ప్లగ్గు పెట్టి తిరిగింది కదా అని ఇచ్చేసేవాళ్లు ఎక్కువ. షాక్ కొట్టే మిక్సీ కూడా చక్కగానే తిరుగుతుంది.

కళ్లతో: వైరు వస్తువులోకి దూరేచోటా ప్లగ్గులోకి దూరేచోటా వంచి చూడండి. లోపలి రంగు వైర్లు కనిపిస్తే వైరు మార్చాలి. మధ్యలో టేపు చుట్టిన అతుకుంటే వైరు మొత్తం మార్చాలి, అతుకు మీద అతుకు వేయొద్దు. ప్లగ్గు పిన్ను నల్లబడినా, చుట్టూ ప్లాస్టిక్ కరిగినా లోపల లూజు కనెక్షన్ వేడెక్కుతోందని అర్థం. లోహపు ఒళ్లున్న వస్తువుకి మూడో పిన్ను ఉండి తీరాలి. రెండు పిన్నులతోనే వస్తే ప్లేటు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉందేమో చూడండి, అది డబుల్ ఇన్సులేషన్ గుర్తు, అంటే ఎర్త్ అక్కర్లేని వస్తువు. గుర్తూ లేక, ఎర్తూ లేకపోతే పక్కన పెట్టేయండి.

మీటర్‌తో: ఎర్త్ పిన్నుకీ పెయింటు లేని లోహానికీ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మీటర్ వైర్లు రెండూ కలిపితే చూపించే అంకె తీసేశాక అర ఓమ్ లోపు రావాలి. కొలుస్తూ వైరుని అటూ ఇటూ కదపండి. అంకె ఎగిరిపడుతుంటే లోపల ఎర్త్ తెగబోతోంది. తర్వాత ఇన్సులేషన్ టెస్టర్‌తో 500 వోల్టుల డీసీ దగ్గర, స్విచ్ ఆన్ చేసి ఉంచి, లైను-న్యూట్రల్ కలిపి ఒళ్లుకి కొలిస్తే కనీసం 1 మెగా ఓమ్. మామూలు మల్టీమీటర్ ఈ రెండో పనికి చాలదు, అది కొద్ది వోల్టులతో కొలుస్తుంది కాబట్టి తేమ పట్టిన ఇన్సులేషన్ కూడా బాగున్నట్టే చూపిస్తుంది. టెస్టర్ లేకపోతే ఎలక్ట్రీషియన్ ఒకర్ని నెలకోసారి పిలిచి అన్నీ ఒకేసారి చేయించండి. కెటిల్, ఐరన్ బాక్స్ చాలాకాలం వాడకుండా ఉంటే ఎలిమెంట్ లోపలి పొడి తేమ పీల్చి అంకె తక్కువ రావచ్చు. ఆరబెట్టి మళ్లీ కొలవండి, అప్పటికీ తక్కువే వస్తే పనికిరాదు.

నడిపి: పరీక్ష బల్లకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరిగా పెట్టండి. ఐరన్ బాక్స్‌ని థర్మోస్టాట్ (వేడి మించకుండా ఆపే స్విచ్) మూడు నాలుగు సార్లు ఆగి వెలిగేదాకా చూడాలి. ఆగకుండా కాలుతూనే ఉంటే ఇవ్వకూడదు. మిక్సీని జార్ లేకుండా ఒక నిమిషం, తర్వాత నీళ్లు పోసి ఒక నిమిషం తిప్పి, జార్ అడుగున కారుతోందేమో, మూత లేకుండా తిరగకూడని మోడల్ అయితే తిరుగుతోందేమో చూడండి.

ఫ్రిజ్ విడిగా చెప్పాలి. నిలబెట్టే తేవాలి. పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్ నూనె పైపుల్లోకి పాకుతుంది, అలాగే స్విచ్ వేస్తే కంప్రెసర్ దెబ్బతినొచ్చు. పడుకోబెట్టక తప్పకపోతే ఆ తర్వాత 24 గంటలు నిలబెట్టి వదిలేయండి. పరీక్షకి ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టండి. మర్నాటికి 5 డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ ఉండాలి. గాలి చల్లదనం తలుపు తీయగానే మారిపోతుంది, అందుకే నీళ్లలో. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి, ఊరికే జారి వస్తే రబ్బరు పోయింది. ఆర్600ఏ అని రాసి ఉంటే లోపల చల్లబరిచేది ఐసోబ్యూటేన్, మండే గ్యాసు. మంచు గడ్డని కత్తితో పొడిచి తీయడం ఆ ఫ్రిజ్‌కి మరీ ప్రమాదం, అది తీసుకునేవాళ్లకీ చెప్పండి. నిల్వలో తలుపు పూర్తిగా మూసేస్తే బూజు పడుతుంది, బార్లా వదిలితే పిల్లలు దూరి ఇరుక్కుంటారు. రెండు వేళ్ల సందు ఉండేలా చెక్కముక్క పెట్టి, ఇంక తెరుచుకోకుండా తాడుతో చుట్టండి. పనికిరాని ఫ్రిజ్‌కైతే తలుపు ఊడదీసే పంపించండి.

మైక్రోవేవ్ మూత విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా కరెంటు దాచుకునే కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉంటుంది. తలుపు వంకర పోయినా, జాలీ చిరిగినా నేరుగా తిరస్కరించండి. బాగుంటే పావు లీటరు నీళ్లు ఒక నిమిషం. చెయ్యి పెట్టలేనంత వేడెక్కకపోతే వేడి పుట్టించే మాగ్నెట్రాన్ బలం తగ్గిందని.

కుక్కర్: విజిల్ కూర్చునే గొట్టంలో వెలుతురు కనిపించాలి. రబ్బరు గట్టిపడితే కొత్తది, సేఫ్టీ వాల్వ్ ఎలాగూ కొత్తది. ఆ మోడల్‌కి విడిభాగాలు దొరకవంటే కుక్కర్ వద్దు. అడుగు ఉబ్బినది వద్దు. గ్యాస్ పొయ్యికి పాత రబ్బరు గొట్టం ఎంత బాగున్నా కొత్తది వేసి, బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

తీసుకోకూడనివి: నీళ్లలో ముంచే హీటర్ రాడ్లు, ఎలక్ట్రిక్ దుప్పట్లు, పడితే ఆగిపోని రూమ్ హీటర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఉబ్బిన బ్యాటరీలు. ఇంకో దేశం నుంచి తెచ్చినవైతే వోల్టేజి చూడండి. 110 వోల్టులది 230లో పెడితే అక్కడికక్కడే కాలుతుంది. మోడల్ నంబరు కంపెనీ రీకాల్ జాబితాలో (లోపం ఉందని వెనక్కి పిలిచిన వాటిలో) ఉందేమో వెతకడం రెండు నిమిషాల పని, అది మానకండి. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ ఇచ్చినాయన ఎదుటే అకౌంట్ తీసి రీసెట్ చేయించండి. ఆయన వెళ్లిపోయాక లాక్ పడితే అది ఇటుక.

———

ఉయ్యాల:

పిల్లల సామాను ఎవరూ ఎత్తలేదు, క్లుప్తంగా.

తొట్టి మంచం కమ్మీల మధ్య 6 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ సందు ఉండకూడదు, ఉంటే ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరితే కూడా వద్దు. ఒక పక్క కిందికి జారే రకం తొట్లను అమెరికాలో 2011 నుంచి అమ్మనివ్వడం లేదు, ఎంత కొత్తగా ఉన్నా తీసుకోకండి. చక్రాల నడక బండ్లను కెనడా 2004లోనే నిషేధించింది, మెట్ల మీంచి దొర్లిపడటమే కారణం. కారు సీటు ప్రమాదంలో పడిందో లేదో చూస్తే తెలియదు. ఇచ్చేవాళ్లే మొదటి యజమానులై, గడువు తేదీ దాటకుండా ఉంటే తప్ప వద్దు. హెల్మెట్ అంతే, లోపలి థర్మోకోల్ ఒక దెబ్బకే పనిచేస్తుంది. బొమ్మల్లో బిళ్ల బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే పారేయండి, మింగితే గంటల్లో గొంతు కాలిపోతుంది. సొరుగుల బీరువా ఇస్తే గోడకి బిగించే పట్టీలు, స్క్రూలు కూడా ఇచ్చి బిగించి రండి. పిల్లలు సొరుగుల్ని మెట్లలా ఎక్కుతారు.

———

కొత్తకాపురం:

అందరికీ చాలా థాంక్సండీ. పరుపులు కొత్తవే కొంటాం. ఎవరికి ముందు ఇవ్వాలి, రుజువులు అడగాలా, కొంత డబ్బు తీసుకోవాలా అన్నవి మిగిలాయి. మా వాళ్లలో సగం మంది "ముందొచ్చినవాళ్లకి ముందు" అంటున్నారు, గొడవ ఉండదని.

———

చిట్టా:

"ముందొచ్చినవాళ్లకి" పద్ధతి పైకి న్యాయంగానే కనిపిస్తుంది. అందులో గెలిచేది ఎవరు? చేతిలో ఫోనూ డేటా ఉన్నవాళ్లు, పగలు తీరిక ఉన్నవాళ్లు, సొంత బండి ఉన్నవాళ్లు. కొని అమ్ముకునేవాళ్లు అందరికన్నా ముందుంటారు. నిన్న రాత్రి ఇల్లు విడిచొచ్చిన మనిషికి మీ పోస్టు చూసే పరిస్థితే ఉండదు.

పేర్లు మీరు వెతకకండి. ఆశ్రయ గృహం, ఆసుపత్రి, బడి, సామాజిక కార్యకర్త, వీళ్లు ఇప్పటికే ఆ కుటుంబాన్ని ఎరుగుదురు. వాళ్లు ఒక పేజీ నింపి పంపితే చాలు. అందులో ఉండవలసినవి: ఎంతమంది, పిల్లల వయసులు, ఇంట్లోకి దిగిన తేదీ, ఎన్నో అంతస్తు, తలుపు వెడల్పు, వంట దేనిమీద, కరెంటు ప్లగ్గులు ఎన్ని, ఇప్పటికే ఏం ఉన్నాయి. ఆదాయ పత్రం, ఫొటో, గుర్తింపు కార్డు నకలు అడగొద్దు. కాగితాలు ఇంట్లోనే వదిలేసి పారిపోయినవాళ్లకి ఆ షరతే తలుపు మూసినట్టు. పైగా నకళ్లు దాచిపెట్టే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. దాక్కుని బతుకుతున్నవాళ్ల చిరునామా మీ పుస్తకంలోంచి బయటికి పొక్కితే చాలా ప్రమాదం. చిరునామా డ్రైవర్‌కి ఆ పూట మాత్రమే చెప్పండి, దింపాక చెరిపేయండి.

వరస దరఖాస్తు తేదీని బట్టి కాకుండా ఖాళీ ఇంట్లో ఎన్నాళ్లుగా ఉన్నారనే దాన్ని బట్టి పెట్టండి. ఇద్దరు సమానమైతే నేల మీద పడుకునే పసిపిల్లలు, గర్భిణి, జబ్బుమనిషి ఉన్న ఇల్లు ముందు. ఈ నియమం గోడ మీద రాసి అంటించండి, "నాకెందుకు రాలేదు" అన్నప్పుడు వేలుపెట్టి చూపించడానికి. మంచం, ఫ్రిజ్, పొయ్యి లాంటి పెద్దవి వరసలో ఉన్నవాళ్లకే చూపించండి, బహిరంగంగా ఫొటో పెట్టకండి. 48 గంటల్లో జవాబు రాకపోతే తర్వాతివాళ్లు.

చిన్నవాటికి వాళ్లనే రానిచ్చి ఎంచుకోనివ్వండి. ఒక్కో కుటుంబానికి 45 నిమిషాలు, ఆ టైములో ఇంకెవర్నీ లోపలికి పిలవకండి. మీవాళ్లు ఒక్కరే తోడుండాలి, సంచీ పట్టుకుని, నోరు మెదపకుండా. "ఇది బాగుంటుంది మీకు" అనే మాట కూడా వద్దు. వద్దన్నదాన్ని అంటగట్టొద్దు. ఎంచుకున్నదే వాడతారు, మనం కట్టి పంపిన అనవసరం మూలనపడుతుంది. ఫొటోలు తీసి పెట్టుకోవడం, సామాను మీద మీ పేరు స్టిక్కర్ అంటించడం మానేయండి. ఆ ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు వాళ్ల కుర్చీ మీద మీ పేరెందుకు?

ఊరికే ఇచ్చాం అనుకునేలోపు ట్రక్కు కిరాయి, మెట్లెక్కించే కూలీ, కొత్త ప్లగ్గు, సిలిండర్ గొట్టం ఖర్చు వాళ్ల మీద పడితే అది ఊరికే ఇచ్చినట్టు కాదు. దింపడం, బిగించడం మీ లెక్కలోనే ఉండాలి. మంచం విప్పేటప్పుడు నట్లూ స్క్రూలూ జిప్ కవర్లో వేసి, బిగించే ఎల్ ఆకారపు రెంచితో సహా, కవర్ని అడ్డకమ్మీకే టేపుతో అతికించండి. విడి డబ్బాలో వేస్తే పోతాయి. విప్పే ముందు ఫొటో తీసి, ఎడమ కుడి కమ్మీల మీద మాస్కింగ్ టేపుతో "ఎ1, కు1" అని రాస్తే బిగించేవాడికి తిట్టుకునే పని ఉండదు.

పుస్తకంలో వస్తువు నంబరు, తేదీ, తీసుకున్నవాళ్ల సంతకం చాలు. రెండు వారాలకి ఒక ఫోన్: పనిచేస్తోందా, ఏదైనా వాడటం లేదా, ఏం తక్కువైంది? నెలలోపు చెడిపోతే మార్చి ఇస్తామని మొదటే చెప్పండి. చెప్పకపోతే చెడిపోయినా మొహమాటానికి ఫోన్ చేయరు.

———

రెండోమాట:

అంతా ఊరికే ఇవ్వాలన్నట్టున్న చిట్టాగారి మాటతో మాత్రం విభేదిస్తాను. నామమాత్రపు మొత్తం తీసుకుంటే తీసుకునేవాళ్లకి తల దించుకోవలసిన పని ఉండదు, అడ్డగోలుగా పట్టుకుపోవడమూ తగ్గుతుంది. పూర్తిగా ఉచితమంటే అమ్ముకునేవాళ్లకి పండగ.

———

చిట్టా:

అడ్డగోలుగా తీసుకెళ్లకుండా ఆపేది మనిషికి ఎన్ని అనే పరిమితి: మనిషికి ఒక పడక, ఇద్దరికి మూడు దుప్పట్లు, ఇంటికి ఒక పొయ్యి. అది పాటిస్తే అమ్ముకోవడానికి మిగలదు. ఆ తర్వాత కూడా ఎవరో మిక్సీ అమ్ముకుని ఆ డబ్బుతో అద్దె కట్టారనుకోండి, వాళ్లకి మిక్సీ కన్నా అద్దె ముఖ్యం అయిందన్నమాట. దాని వెనక పడి తిరగడం మీ మనుషుల టైముకి దండగ. డబ్బు తీసుకుంటే ఇంకో తంటా, చెడిపోయిన వస్తువుకి మీరు అమ్మినవాళ్లవుతారు, రసీదులూ లెక్కలూ మొదలవుతాయి. చాలాచోట్ల చట్టం కూడా అమ్మకాన్నీ ఇవ్వడాన్నీ వేరువేరుగా చూస్తుంది. మీ ప్రాంతంలో ఎలాగో ముందు కనుక్కోండి. మర్యాద విషయానికొస్తే, ఎంచుకోనివ్వడం, టైమిచ్చి పిలవడం, కూర్చోబెట్టి మాట్లాడటంలో అది ఉంది.

ఇచ్చిన కుటుంబం కొన్నాళ్లకి తనే ఏదైనా తిరిగి ఇస్తానంటే తీసుకోండి. అడక్కండి.

———

కొత్తకాపురం:

పరిమితి పట్టిక బాగుంది, అదే గోడకి అంటిస్తాం. ఆఖరి సందేహం: ఎంత జల్లెడ పట్టినా ఎవరికీ పనికిరాని సామాను మిగులుతుంది కదా, దాన్నేం చేస్తారు?

———

గోడౌన్‌తాళం:

వచ్చిన నెలని బట్టి ప్రతిదానికీ ఒక రంగు చీటీ అంటించండి. 60 రోజులు దాటిన రంగు కనిపించిందంటే ఆ వారమే బయటికి. "ఎవరికైనా పనికొస్తుందిలే" అని ఆపినవాటి మీదే మీ గది నెలనెలా చిన్నదవుతుంది. ముందు ఇంకో సంస్థకి ఫోన్ చేసి కావాలా అడగండి, అడక్కుండా పంపడం మీ చెత్త వాళ్లకి తోయడమే. ఆ తర్వాత ఇనుము, అల్యూమినియం విడదీసి పాతసామాన్లవాళ్లకి, చిరిగిన నూలు బట్టలు తుడుపు గుడ్డల కింద వర్క్‌షాపులకి, కరెంటు సామాను, బ్యాటరీలు, ఫ్రిజ్‌లు అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికి. ఫ్రిజ్‌ని తుక్కువాడికిస్తే పైపు కోసి గ్యాసు గాల్లోకి వదిలేస్తాడు. ఎలక్ట్రీషియన్ ఫెయిల్ చేసిన వాటికి అదే రోజు వైరు కత్తిరించి పడేయండి, లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ ర్యాకులో పెట్టేస్తారు.

పారేయడానికయ్యే ఖర్చుకి నెలకింత అని ముందే పక్కన పెట్టుకోండి. అది తగ్గాలంటే ఏ వస్తువు ఎవరి దగ్గర్నుంచి వచ్చి చెత్తలోకి పోయిందో రాసి, నెలాఖరున ఫొటోలు చూసి ఒప్పుకున్నవాళ్లకి ఆ కాగితం చూపించండి. మరుసటి నెల ఫోన్లో "వద్దండీ" అనడం వాళ్లకి తేలికవుతుంది.